పెద్ద నాయనమ్మ చీర

మా ఇంట్లో పెళ్ళైనా, బారసాలైనా, బట్టల కొట్టుకి వెళ్ళినప్పుడు మొట్టమొదట తీసే చీర పెద్ద నాయనమ్మది. ఆ తరవాతే మిగతావాళ్ళవి. ఇంటికి తెచ్చాక ఆ చీరకి నాలుగు మూలలా పసుపు రాసి, రవికెలగుడ్డ, గాజులు, పసుపు కుంకుమ జతచేసి దేవుడి దగ్గర పెడతాం. అందరం దణ్ణం పెట్టుకున్నాక ఎవరైనా ముత్తైదువకి బొట్టు పెట్టి ఇచ్చేస్తాం. చాలామంది ఇళ్ళలో ఉన్నదే ఇది, మీకూ తెలిసే ఉంటుంది.

పెద్ద నాయనమ్మ అంటే మా తాతగారి మొదటి భార్య. 1934లోనో, 35లోనో తొలికాన్పులో పోయింది. ఆవిడ పోయాక తాతగారు మా నాయనమ్మని చేసుకున్నారు. ఆవిడ బతికుంటే మా నాన్నగారు లేరు, నేను లేను, ఈ కబుర్లూ లేవు. అలాంటి మనిషి పేరు మాలో ఎవ్వరికీ తెలియదు. మా నాయనమ్మ ఆవిణ్ణి "అక్కగారు" అనేది. "పేరు పెట్టి పిలవకూడదే" అంటూ అసలు పేరు చెప్పకుండానే తనూ వెళ్ళిపోయింది. ఫోటో కూడా లేదు.

పోయిన నెల మా అమ్మాయి పురిటికి వచ్చింది. మగపిల్లాడు. బారసాలకి చీర తెచ్చి పసుపు రాస్తుంటే, అమ్మాయి పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని అడిగింది, "అసలు ఆవిడ ఎలా పోయిందమ్మా?" అని.

నాయనమ్మ నోట విన్నదే చెప్పాను. కాన్పు బాగానే అయిందట. మూడోనాడు చలి పట్టుకుని వణుకుతూ జ్వరం వచ్చిందట. పురిటి సన్నిపాతం కమ్మిందన్నారు, గాలి సోకిందన్నారు, కిటికీ కంతలో గుడ్డలు కుక్కారు. పురుడు పోసుకోవాల్సిన పదకొండో రోజు రాకుండానే, తొమ్మిదోనాడు పోయింది. నెల తిరక్కుండా పసిగుడ్డూ పోయింది.

అంతా విని మా అమ్మాయి తాపీగా, "గాలీ లేదు, ధూళీ లేదు. ఎవరో చేతులు సరిగ్గా కడుక్కుని ఉండరు, అంతేనమ్మా" అంది.

అంతేనా! తొంభై ఏళ్ళుగా మేం చీర పెట్టి దణ్ణం పెడుతున్న చావు వెనకాల ఉన్నది ఇంతేనా? నాకు ఆ మాట మింగుడు పడలేదు. మనవడు రాత్రి రెండింటికి లేస్తాడు, నాలుగింటికి లేస్తాడు. వాణ్ణి భుజాన వేసుకుని తిరుగుతూ, వాడు పడుకున్నాక నిద్ర పట్టక, ఈ క్రిముల సంగతి ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చాను. స్టెరిలైజేషన్ అంటే మన ఆడవాళ్ళకి ముందుగా గుర్తొచ్చేది పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనే. నేను చెప్పేది అది కాదు. ఒక వస్తువు మీద ఒక్క సూక్ష్మజీవి కూడా ప్రాణంతో లేకుండా చెయ్యడాన్ని కూడా ఆ మాటతోనే అంటారు. ఆ కథలో అడుగడుగునా ఆడవాళ్ళూ, పసిపిల్లలూ, వంటిల్లూ ఉన్నాయంటే నమ్ముతారా?

కథ వియన్నాలో మొదలుపెడతాను. 1840లలో అక్కడి పెద్దాసుపత్రిలో రెండు కాన్పుల వార్డులు ఉండేవి. మొదటి దాంట్లో డాక్టర్లు, వైద్యవిద్యార్థులు పురుళ్ళు పోసేవారు. రెండో దాంట్లో మంత్రసానులు. ఒకరోజు వచ్చినవాళ్ళని మొదటి వార్డులో, మర్నాడు వచ్చినవాళ్ళని రెండో వార్డులో చేర్చుకునేవారు. 1846లో మొదటి వార్డులో 4,010 కాన్పులైతే 459 మంది తల్లులు పోయారు. మంత్రసానుల వార్డులో 3,754 కాన్పులకి 105 మంది. అంటే పెద్ద చదువులు చదివినవాళ్ళ చేతిలో చావు నాలుగు రెట్లు ఎక్కువ. ఊళ్ళో ఆడవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. మొదటి వార్డు వంతు వచ్చిందంటే మోకాళ్ళ మీద పడి, మమ్మల్ని ఇందులో వెయ్యకండని ఏడ్చేవారట. ఆసుపత్రికి వస్తూ దారిలోనే ప్రసవించినవాళ్ళు కూడా మొదటి వార్డువాళ్ళకన్నా క్షేమంగా ఉండేవారట.

ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే హంగరీ డాక్టరు 1846లో ఆ మొదటి వార్డుకి సహాయకుడిగా వచ్చాడు. ఈ లెక్కలు చూసి ఆయనకి మనసు మనసులో లేదు. కారణం కోసం వెతకని చోటు లేదు. రెండు వార్డులకీ గాలి ఒకటే, తిండి ఒకటే. చివరికి, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ దగ్గరికి గంట వాయించుకుంటూ వచ్చే మతగురువు చప్పుడుకి భయపడి చచ్చిపోతున్నారేమోనని, ఆయన్ని గంట లేకుండా వేరే దారిన రమ్మని కూడా చూశాడు. ఏమీ మారలేదు.

1847 మార్చిలో ఆయన స్నేహితుడు కొల్లెచ్కా అనే ప్రొఫెసరు చనిపోయాడు. శవపరీక్ష చేయిస్తుంటే ఒక విద్యార్థి చేతిలోని కత్తి ఆయన వేలికి గుచ్చుకుంది. జ్వరం వచ్చి ప్రాణం పోయింది. ఆయన శరీరంలో కనిపించిన మార్పులన్నీ పురిటి జ్వరంతో పోయిన తల్లుల్లో కనిపించేవే. సెమ్మెల్‌వైస్‌కి అప్పుడు తట్టింది. డాక్టర్లూ, విద్యార్థులూ పొద్దున్నే శవాలు కోసి, అవే చేతులతో తిన్నగా కాన్పుల వార్డుకి వస్తున్నారు. మంత్రసానులు శవాల గదికి వెళ్ళరు. తేడా అక్కడుంది.

సబ్బుతో కడిగినా చేతులకి శవాల వాసన పోయేది కాదట. ఆ వాసనని పోగొట్టేదేదో దానికి కారణమైనదాన్ని కూడా పోగొడుతుందని ఆయన ఊహ. 1847 మే నెల మధ్యలో వార్డు గుమ్మం దగ్గర ఒక బేసిన్ పెట్టించి, అందులో క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో చేతులు రుద్ది కడుక్కుంటేనే లోపలికి రావాలన్నాడు. ఆ పొడి ఏమిటనుకున్నారు? మన బ్లీచింగ్ పౌడరే! ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోతే, జూన్‌లో నూటికి ఇద్దరు. జూలైలో ఒకరు.

ఇది చదివిన రాత్రి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా నాయనమ్మ చెప్పిన ఇంకో సంగతి గుర్తొచ్చింది. కలరా రోజుల్లో ఎవరో వచ్చి ఊరి నూతిలో ఘాటు వాసనొచ్చే తెల్లపొడి వేసి వెళ్ళేవారట. ఆ నీళ్ళు తాగలేక ఏడ్చేవాళ్ళమని నవ్వుతూ చెప్పేది. అంటే మా పెద్ద నాయనమ్మని బతికించగలిగిన పొడి ఆ ఊరి నూతిదాకా వచ్చింది, పురిటి గదిదాకా రాలేదు. వియన్నాలో ఆ బేసిన్ పెట్టి అప్పటికి దాదాపు తొంభై ఏళ్ళు.

మరి ఇంత ఆలస్యం ఎందుకైంది? కడుక్కోండి అన్నమాట పెద్దవాళ్ళకి నచ్చలేదు, అదీ సంగతి. సెమ్మెల్‌వైస్ చెప్పింది నిజమైతే ఇన్నాళ్ళూ తల్లుల్ని చంపింది తమ చేతులే అని డాక్టర్లు ఒప్పుకోవాలి. ఎవరొప్పుకుంటారు? అంతకుముందు 1843లో అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే డాక్టరు, పురిటి జ్వరాన్ని ఒక తల్లి నుంచి ఇంకో తల్లికి మోసేది డాక్టర్లే అని రాస్తే, ఫిలడెల్ఫియాలో మీగ్స్ అనే పేరున్న ప్రొఫెసరుకి కోపం వచ్చింది. డాక్టర్లు పెద్దమనుషులు, పెద్దమనుషుల చేతులు శుభ్రంగానే ఉంటాయన్నాడు!

సెమ్మెల్‌వైస్‌కి వియన్నాలో ఉద్యోగం పొడిగించలేదు. సొంత దేశానికి వెళ్ళి అక్కడి ఆసుపత్రిలోనూ తల్లుల్ని బతికించి చూపించాడు. అయినా వినేవాళ్ళు తక్కువ. ఆయన కూడా తన పుస్తకం 1861దాకా రాయలేదు. రాశాక, ఒప్పుకోని ప్రొఫెసర్లని హంతకులంటూ బహిరంగంగా ఉత్తరాలు రాశాడు. చివరికి మతి చలించిందని వియన్నా దగ్గర పిచ్చాసుపత్రిలో పెట్టారు. అక్కడే 1865 ఆగస్టు 13న, 47 ఏళ్ళకి, పుండు చీము పట్టి ఒళ్ళంతా విషమెక్కి పోయాడు. ఎవరికోసం పోరాడాడో ఆ తల్లుల్లాగే.

విచిత్రం ఏమిటంటే సరిగ్గా దానికి ముందురోజు, ఆగస్టు 12న, గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ అనే సర్జను, బండిచక్రం ఎక్కి కాలు విరిగిన 11 ఏళ్ళ కుర్రాడి గాయాన్ని కార్బాలిక్ యాసిడ్‌తో తడిపిన గుడ్డతో కట్టాడు. ఆ రోజుల్లో ఎముక బయటికొచ్చిన గాయం అంటే కాలు తీసెయ్యడమో, ప్రాణం పోవడమో. ఆ కుర్రాడు ఆరువారాల్లో లేచి నడిచాడు. కార్బాలిక్ యాసిడ్ బొగ్గుతారు నుంచి తీసేది. మన నల్ల ఫినాయిల్‌దీ ఆ తారు కుటుంబమే. మన చిన్నప్పటి ఎర్ర లైఫ్‌బాయ్ సబ్బు వాసన గుర్తుందా? అదీ కార్బాలిక్ వాసనే.

లిస్టర్ ధైర్యానికి వెనకాల ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ ఉన్నాడు. పులియడం, కుళ్ళడం వాటంతటవి జరగవనీ, కంటికి కనిపించని జీవులు చేసే పనులనీ చూపించింది ఆయనే. ఇక పురిటి జ్వరం మాటకొస్తే, 1879లో పారిస్‌లో వైద్యుల సభలో ఒకాయన దాని కారణాల మీద ఏదేదో ఉపన్యసిస్తుంటే, పాశ్చర్ మధ్యలో లేచి, బల్ల మీద పూసలదండలాంటి బొమ్మ గీసి, తల్లుల్ని చంపుతున్నది ఇదీ అని చూపించాడట. దాన్ని ఇప్పుడు స్ట్రెప్టోకాకస్ అంటాం. మా పెద్ద నాయనమ్మ గదిలోకి వచ్చిన "గాలి" బహుశా అదే.

ఇక వంటింట్లోకి రండి. క్రిముల్ని చంపడానికి మందులకన్నా నమ్మకమైనది వేడి. కానీ మరిగిస్తే చాలు అన్నీ చస్తాయనుకుంటాం కదా, చావవు. 1870లలో ఇంగ్లండ్‌లో జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త ఎండుగడ్డి కషాయాన్ని ఎంత మరిగించినా అది మళ్ళీ కుళ్ళిపోతుంటే తలపట్టుకున్నాడు. కొన్ని క్రిములు కష్టకాలం వస్తే గట్టి గుల్ల కట్టుకుని విత్తనంలా పడుకుంటాయి. వాటినే స్పోర్లు అంటారు. మరిగే నీళ్ళు వాటిని ఏమీ చెయ్యలేవు. టిండాల్ 1877లో ఒక ఉపాయం కనిపెట్టాడు. ఈరోజు మరిగించి వదిలెయ్యాలి. రాత్రికి ఆ విత్తనాలు మొలకెత్తుతాయి. మొలకెత్తితే గుల్ల ఉండదు. మర్నాడు మరిగిస్తే చస్తాయి. మూడోరోజు మళ్ళీ మరిగిస్తే మిగిలినవీ పోతాయి.

వండిన అన్నం ఎక్కువసేపు బయట ఉంచద్దనడానికి కారణమూ ఈ స్పోర్లే. బియ్యంలో ఉండే ఒకరకం స్పోర్లు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చగా వదిలేస్తే మేల్కొని పెరిగి విషం కక్కుతాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వండిన గంటా రెండు గంటల్లో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టమనేది అందుకే.

మూడురోజులు ఆగే తీరిక ఆసుపత్రికి ఎక్కడుంటుంది? దానికి జవాబు మన పొయ్యి మీద ఉంది. 1679లో డెనిస్ పాపెన్ అనే ఫ్రెంచాయన లండన్‌లో, మూత బిగించి ఆవిరిని లోపలే బంధించే పాత్ర తయారుచేశాడు. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగకుండా ఇంకా పైకి వేడెక్కుతాయి. పాత్ర పేలకుండా ఆవిరి పోవడానికి బరువుతో ఒక కవాటం పెట్టాడు. మన కుక్కరు విజిల్‌కి ముత్తాత అన్నమాట. 1682లో రాయల్ సొసైటీ పెద్దలకి అందులో ఎముకలు కూడా మెత్తబడేలా వండి విందు పెట్టాడు. రెండొందల ఏళ్ళ తరవాత, 1879లో, పాశ్చర్ శిష్యుడు షార్ల్ షాంబర్లాన్ అదే సూత్రంతో ఆటోక్లేవ్ చేశాడు. 121 డిగ్రీలు, చదరపు అంగుళానికి 15 పౌన్ల ఒత్తిడి, పదిహేను ఇరవై నిమిషాలు. అంతే, స్పోర్లు కూడా చస్తాయి. ఈనాటికీ ఆసుపత్రుల్లో కత్తులూ, కత్తెరలూ, గుడ్డలూ అలాగే శుద్ధి చేస్తారు. మన ఇంట్లో కుక్కరు కూడా దాదాపు ఆ ఒత్తిడి మీదే పనిచేస్తుంది. మన దేశంలో కుక్కర్లు తయారవడం 1950ల చివర్లో మొదలైంది. పప్పు తొందరగా ఉడుకుతుందని కొనుక్కున్నాం గానీ, ఆపరేషన్ థియేటర్ పెద్దమ్మ చెల్లెలిని వంటింట్లో పెట్టుకున్నామని మనకి తెలియదు.

"ఆవిరి బాగా వచ్చాక విజిల్ పెట్టవే" అని అమ్మ ఎందుకనేదో కూడా ఇప్పుడర్థమైంది. లోపలున్న గాలి ముందు బయటికి పోవాలి. గాలి మిగిలిపోతే ఆవిరికి రావాల్సిన వేడి రాదు. ఆటోక్లేవ్‌కీ అదే నియమం. పొడి వేడికన్నా తడి ఆవిరికి చంపే శక్తి ఎక్కువని 1881లో జర్మనీలో రాబర్ట్ కోఖ్ బృందం పరీక్షలు చేసి చూపించింది. ఇడ్లీపాత్ర మూత తీసినప్పుడు చెయ్యి కాల్చుకున్న మనకి ఎవరూ పరీక్షలు చేసి చూపించక్కర్లేదు!

ఆ కోఖ్ లాబరేటరీకే ఒక ఇల్లాలు చేసిన మేలు ఉంది. క్రిముల్ని చంపామో లేదో తెలియాలంటే ముందు వాటిని విడివిడిగా పెంచి చూడాలి. అక్కడివాళ్ళు జెలటిన్ మీద పెంచేవారు. ఎండ కాస్తే అది కరిగి నీళ్ళయ్యేది. అక్కడ పనిచేసే వాల్టర్ హెస్సె భార్య ఫానీ, భర్త పరిశోధనలకి బొమ్మలు గీసి పెట్టేది. నీ జెల్లీలు ఎండాకాలంలో కూడా కరగవేమని ఆయన అడిగితే, అగర్‌తో చేస్తానంది. జావాలో కాపురమున్న పొరుగింటివాళ్ళ దగ్గర ఆమె చిన్నప్పుడు నేర్చుకున్న వంట అది. అగర్ అంటే మన కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాస్. 1881లో చెప్పిన ఆ చిట్కా మీదే ఇప్పటికీ ప్రపంచంలో ప్రతి లాబ్‌లోనూ క్రిముల్ని పెంచుతున్నారు. 1882లో కోఖ్ క్షయ క్రిమిని కనిపెట్టిన వ్యాసంలో అగర్ పేరుంది. ఫానీ పేరు లేదు. పేర్లు పోవడం మా పెద్ద నాయనమ్మ ఒక్కదానికే కాదన్నమాట.

ఇంత రాసి నా సంగతి దాచుకోవడం బాగుండదు. ముప్ఫై ఏళ్ళ కిందట మా పెద్దపిల్లకి ఐదోనెలలో డబ్బా పాలు పట్టాను. పాలసీసాని వేడినీళ్ళతో గలగలా ఆడించి అదే శుభ్రమనుకునేదాన్ని. రబ్బరుపీక తిరగేసి తోమాలని నాకెవరూ చెప్పలేదు. ఒక వేసవిలో పిల్లకి విరేచనాలు పట్టుకుని రెండురోజుల్లో కళ్ళు లోతుకుపోయాయి. మాడు గుంట పడింది. నాలుగురోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. డాక్టరమ్మ సీసా అడిగి తీసుకుని, రబ్బరుపీకని రెండు వేళ్ళతో తిప్పి లోపల జిడ్డుగా పేరుకున్న పాలు చూపించింది. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఈమధ్య చదివితే తెలిసింది, పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పొడుగాటి రబ్బరు గొట్టం ఉన్న పాలసీసాలు వచ్చాయట. పిల్లకి గొట్టం నోట్లో పెట్టి తల్లి తన పని చూసుకోవచ్చు. కానీ ఆ గొట్టం లోపల కడగడం ఎవరివల్లా కాదు. ఎంతమంది పిల్లలు పోయారో, వాటికి చంపే సీసాలని పేరొచ్చింది. ఫ్రాన్స్ 1910లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. ఆ తల్లులూ నాలాగే ప్రేమతోనే పట్టారు. డాక్టరమ్మ నన్ను సీసా పారేసి గిన్నే చెంచాతో పట్టమంది. మా అత్తగారి పెట్టెలో వెండి ఉగ్గుగిన్నె ఉంది. మూల లేదు, గొట్టం లేదు, తోమితే అంతా కంటికి కనిపిస్తుంది. దానికన్నా మంచి సీసా ఎవరూ కనిపెట్టలేదనిపించింది. సీసా తప్పనిసరైతే విడదీసి, బ్రష్‌తో లోపలా బయటా తోమి, నీళ్ళలో పూర్తిగా ముంచి పది నిమిషాలు మరిగించాలి. తోమకుండా మరిగిస్తే లాభం లేదు. జిడ్డు కింద దాక్కున్నవి అలాగే ఉంటాయి.

మరి మన ఆచారాల మాటేమిటి? ఏమాటకామాటే చెప్పుకోవాలి. పురిటాలి దగ్గరికి పదిరోజులు ఎవర్నీ రానివ్వకపోవడం మంచిదే. ఉతికి ఆరేసిన మడిబట్టని ఇంకెవరూ ముట్టకూడదనడం కూడా ఆపరేషన్ గదిలో నర్సులు పాటించే నియమంలాంటిదే. మా అమ్మాయి ఆపరేషనప్పుడు వాడే మూటలకి అంటించిన పట్టీ మీద నల్లచారలు చూశాను. ఆటోక్లేవ్‌లో వేడి తగిలితేనే ఆ చారలు వస్తాయట. మూట విప్పాక నర్సు ఎక్కడా చెయ్యి తగలనివ్వలేదు. మా అమ్మమ్మ మడిబట్టతో వంటింట్లోకి నడిచినట్టే ఉంది. కానీ ఇదే మడి పురిటి గది దగ్గరికి వచ్చేసరికి తిరగబడింది. ఎలాగూ మైలే, చాకలికి పోయేవే అని పురిటాలికి ఇంట్లో ఉన్నవాటిల్లోకల్లా పాత గుడ్డలు, చిరుగు చాపా ఇచ్చేవారు. ఉతికిన బట్ట అందరికన్నా ఎక్కువ అవసరమైన మనిషికి అందరికన్నా పాతది. పేడతో అలికిన నేల, కొడవలితో కోసిన బొడ్డు. మట్టిలో, పేడలో ఉండే ధనుర్వాతం స్పోర్లు ఆ బొడ్డులోంచే లోపలికి వెళ్ళేవి. వారం తిరిగేసరికి బిడ్డ దవడలు బిగుసుకుని పాలు తాగలేకపోయేది. ఎవరిదో దృష్టి తగిలిందనేవారు.

ఇందులో మంత్రసానిని తిట్టడానికి నాకు మనసొప్పదు. వియన్నాలో చూశాంగా, పాపం ఆవిడ తప్పు చదువులేకపోవడం కాదు. చెప్పినవాళ్ళు లేకపోవడం. తరవాత్తరవాత మన ఊళ్ళలో దాయిలకి ఐదు శుభ్రతలు నేర్పారు. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డు మీద ఏమీ రాయకుండా శుభ్రంగా వదిలెయ్యడం. దానికి టీటీ ఇంజెక్షన్లూ, ఆసుపత్రి కాన్పులూ తోడయ్యాయి. 2015లో మన దేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ప్రతి జిల్లాలోనూ వెయ్యి కాన్పులకి ఒక్క పసిబిడ్డకన్నా తక్కువ అని దానర్థం.

ఇక పురిటి జ్వరానికి మందు 1936లో వచ్చింది. లండన్‌లో కోల్‌బ్రుక్ అనే డాక్టరు సల్ఫా మందుతో పురిటి జ్వరం వచ్చిన తల్లుల్ని బతికించి ఆ వివరాలు ప్రకటించాడు. తరవాత పెన్సిలిన్ వచ్చింది. మా పెద్ద నాయనమ్మ దానికి ఏడాదో రెండేళ్ళో ముందు పోయింది. మందు ఆలస్యమైందని అనుకుంటే అది విధి అనుకోవచ్చు. కానీ చేతులు కడుక్కోవడం అంతకు తొంభై ఏళ్ళ ముందే తెలుసు. అది మాత్రం విధి అనుకోలేకపోతున్నాను.

ఇంత చదివాక మా ఇంటికి పిల్లాణ్ణి చూడటానికి చుట్టాలు రావడం మొదలైంది. మొదట వచ్చింది వరసకి పిన్నిగారు. బస్సు దిగి తిన్నగా ఉయ్యాల దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది. "పిన్నీ, ఒక్కసారి చేతులు కడుక్కుని..." అన్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. "మా చేతులకేమొచ్చిందమ్మా? ఆరుగుర్ని పెంచిన చేతులు" అంది. పెద్దమనుషుల చేతులు శుభ్రంగానే ఉంటాయన్న ఫిలడెల్ఫియా ప్రొఫెసరు మా హాల్లో నిలబడినట్టయింది. నేనేమీ అనలేకపోయాను. ఆవిడ ఎత్తుకుంది. మా అమ్మాయి నావైపు చూసిన చూపు నేను మరచిపోలేను.

ఆ రాత్రి ఆలోచించాను. సెమ్మెల్‌వైస్ చెప్పింది నిజమే అయినా చెప్పిన తీరు వల్ల వినేవాళ్ళు దూరమయ్యారు. నేనేమో మర్యాదకి పోయి నోరు మూసుకున్నాను. రెండిట్లోనూ ఫలితం ఒకటే. అప్పుడు మా చిన్నప్పటి అరుగు గుర్తొచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్ళిచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కోమనేవాళ్ళం. అది అవమానం కాదు, మర్యాద. ఇవ్వకపోతేనే అవమానం.

మర్నాడు వీధిగుమ్మం పక్కన కుళాయి దగ్గర కొత్త సబ్బు, ఉతికిన తువ్వాలు, ఇత్తడి చెంబు పెట్టాను. ఎవరొచ్చినా ఎదురెళ్ళి, "రండి రండి, ఎండన పడి వచ్చారు, కాళ్ళూ చేతులూ కడుక్కోండి" అని చెంబు అందిస్తున్నాను. పక్కనే నిలబడి నేనూ సబ్బుతో వేళ్ళ సందులూ, గోళ్ళూ రుద్దుకుంటున్నాను. నన్ను చూసి వాళ్ళూ రుద్దుకుంటున్నారు. బారసాల నాడు పిన్నిగారు మళ్ళీ వచ్చింది. చెంబు అందుకుని, "ఇప్పుడు మర్యాద నేర్చుకున్నావు" అంది. నవ్వి ఊరుకున్నాను.

చీర ఆవిడకే ఇచ్చాను. బొట్టు పెట్టి, వంగి దణ్ణం పెడుతూ అడిగాను, "పిన్నీ, మా పెద్ద నాయనమ్మ పేరు మీ అమ్మగారు ఎప్పుడైనా చెప్పారా?" అని. కాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపింది. ఆవిడకీ తెలియదు.

మీ ఇళ్ళలోనూ ఇలా చీర పెట్టే పెద్దమ్మలెవరైనా ఉంటే, చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉన్నప్పుడే పేరు అడిగి రాసి పెట్టుకోండి. ఎలా పోయారో కూడా అడగండి. గుమ్మం దగ్గర చెంబూ సబ్బూ మాత్రం ఈరోజే పెట్టండి.